నారింజ ఏ సముద్రానికి?

జహీరాబాద్‌లో హైవే పక్కన, లారీ బాడీలు కట్టే షెడ్డు ముందు, ట్రాలీ మీద ఒక తెరచాప పడవ నిలబడి ఉంటే దారిన పోయేవాళ్లు ఆగకుండా ఎలా పోతారు? ఆగేవాళ్లు. చుట్టూ తిరిగి చూసేవాళ్లు. అందరూ అడిగేది ఒకటే మాట: "ఏ సముద్రానికి పోతరు?" పడవ కడుతున్నన్నాళ్లు ఎవరేమడిగినా టకీమని జవాబు చెప్పిన శిల్ప, ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నోరు తెరిచి మళ్లీ మూసుకునేది.

శిల్ప పుట్టిల్లు కోహీర్. తండ్రి చెన్నబసప్పకు జామతోట ఉండేది. ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు, బజారులో ఉర్దూ. మూడు భాషలు వచ్చిన ఆ ఇంట్లో సముద్రం గురించి మాట్లాడుకోవలసిన అవసరం ఏ భాషలోనూ రాలేదు. సికింద్రాబాద్‌లో డిగ్రీలో చేరినప్పుడు స్నేహితురాలు నవతతో పాటు ఎన్‌సీసీలో పేరిద్దామని వెళ్లింది. ఆర్మీ వాళ్ల బల్ల ముందు తోపులాటగా ఉంది. నేవీ బల్ల ముందు ఎవరూ లేరు. అక్కడ కూర్చున్న ఇంద్రసేన అనే నేవీ ఆయన, "ఈత వస్తదా?" అని అడిగాడు. "రాదు సర్," అంది. "నేర్చుకుంటవా?" అన్నాడు. నవత చేయి పట్టి లాగుతున్నా శిల్ప తల ఊపేసింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు.

హుస్సేన్‌సాగర్‌లో మొదటిసారి తెరచాప గాలికి నిండి పడవ పక్కకు ఒరిగినప్పుడు తక్కిన అమ్మాయిలు కేకలు పెట్టారు. శిల్పకు నవ్వొచ్చింది. ఇంజను లేదు, చప్పుడు లేదు, కనపడని గాలిని ఒక గుడ్డతో పట్టుకుని ఇంత బరువును తోసుకుపోవడం ఆమెకు మాయలా అనిపించింది. డిగ్రీ అయ్యేదాకా ఆ మురుగు వాసన నీళ్ల మీదే తిరిగింది. తర్వాత పెళ్లి. జహీరాబాద్. భర్త సుదర్శన్‌ది లారీ బాడీల షెడ్డు. దాని పక్కనే ఆమె లారీలకు టార్పాలిన్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. గాలికి టార్పాలిన్ ఉబ్బినప్పుడల్లా ఆమె చేయి మిషను మీద ఒక క్షణం ఆగేది. అది సుదర్శన్ గమనించాడు గానీ, గమనించినట్టు ఎన్నడూ చెప్పలేదు.

పనులు మందగించిన ఒక వానాకాలం, షెడ్డులో ప్లైవుడ్డూ ఫైబరూ ఖాళీగా పడి ఉన్నప్పుడు, ఆయనే అడిగాడు.

"శిల్పా, లారీలు జూసి జూసి యాష్టకొస్తున్నది. నీకేమన్న చెయ్యాల్నా చెప్పు."

అల్మారా కోసమో, గూడు కోసమో అడుగుతుందనుకున్నాడు. ఆమె పడవ అడిగింది.

రెండు వానాకాలాలు పట్టింది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా పట్టుకుని ఆయన కట్టాడు, ఆమె తెరచాప కుట్టింది. పడవ కిందికి దిగే పలకను తాడుతో పైకి లాగేసుకోవచ్చు. లాగేస్తే మోకాటి లోతు నీళ్లలోనూ తేలుతుంది. ఊరి పక్కన పారే వాగు పేరే దానికి పెట్టుకున్నారు: నారింజ. రంగులు వేసిన పెయింటరు జిందగీ అంతా లారీలకే వేసినవాడు. చేయి ఊరుకోక వెనక భాగాన రెండు తామరపూలు, మధ్యలో 'సౌండ్ హారన్' అని రాసేశాడు. శిల్ప చెరిపించలేదు.

సింగూరు డ్యాం నీళ్లలో ఒకసారి దింపి చూశారు. తేలింది. నడిచింది. ఇక మిగిలింది సముద్రం.

ఏ సముద్రం?

మొదట అది ప్రశ్నే కాదనుకుంది శిల్ప. షెడ్డు ముందున్న రోడ్డు హైదరాబాద్ మీదుగా, విజయవాడ మీదుగా పోయి పోయి మచిలీపట్నంలో ఆగుతుంది. మలుపు తిరిగే పని లేదు. ఇంటి ముందు బండి ఎక్కితే సముద్రం దగ్గర దిగడమే. ఇద్దరూ కారులో బందరు వెళ్లి చూసొద్దామని బయల్దేరారు. చేపల రేవు దగ్గరికి చేరేసరికి నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. కాలువ గట్టున పడవలు బురదలో పక్కకు ఒరిగి, ఎండలో పడుకున్న బర్రెల్లా ఉన్నాయి. చేపలు ఎండబెడుతున్న నాగమ్మ అనే ఆవిడను శిల్ప అడిగింది, ఇక్కడ చిన్న పడవ దింపుకోవచ్చా అని.

"దింపుకోవచ్చమ్మా, ఎవరొద్దంటారు? కానీ కాలవ సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర ఇసక మేటేస్తది. పోటు మీద దాటాలి. దాటాక మళ్లీ పోటు మీదే రావాలి. మధ్యలో గాలి తిరిగిందనుకో, ఎక్కడ ఆగుతారు?"

శిల్ప చుట్టూ చూసింది. ఆగడానికి ఏమీ లేదు. తీరం గీత గీసినట్టు రెండు వైపులా పోతోంది. హుస్సేన్‌సాగర్‌లో ఎటు చూసినా ఒడ్డే. ఇక్కడ ఒడ్డు ఒకే వైపు ఉంటుందన్న సంగతి ఆమెకు అప్పుడే మొదటిసారి తట్టింది. ఇన్నేళ్లూ సముద్రం సముద్రం అని కలవరించిన తనకు ఇంత చిన్న విషయం ఎలా తట్టలేదు? 

ఇంటికొచ్చాక ఇంద్రసేనకు ఫోన్ చేసింది. ఆయన రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నాడు.

"సర్, మీరు అన్ని తీరాలు జూసిన్రు. చిన్న పడవకు ఏది మంచిది?"

"నేను జూసిందంత పెద్ద ఓడ మీదికెళ్లి శిల్పా. మాకు ఒడ్డు దగ్గరికొస్తే భయం, దూరం పోతే ధైర్యం. నీకు ఉల్టా. నాకు తెల్సింది నీకేం పనికొస్తది?" అన్నాడు. మళ్లీ తనే, "అయినా అడిగినవు గాబట్టి చెప్తున్న. పడమటి దిక్కు మంచిగుంటది. చలికాలంల సముద్రం అద్దం లెక్కుంటది. మహారాష్ట్రల మాల్వణ్ దిక్కు పో," అన్నాడు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, "మాల్వణ్ల నీళ్ల కింద రాళ్లుంటయి, నేను మర్శిన. నీది ప్లైవుడ్డు గదా. జర సోంచాయించు," అన్నాడు.

సుదర్శన్‌కు రాళ్ల భయం లేదు. ఆయన భయం పడమటి కొండలు దిగే ఘాట్ రోడ్డు గురించి.

"బెళగావి దాటినంక అంబోలీ ఘాట్ దిగాలె. మన ట్రాలీకి బ్రేకులు లెవ్వు. బండి ఆగుతది, పడవ ఆగది. వెనక నుంచి మనల్ని తోసుకుంట సముద్రంల పడేస్తది."

"అయితే ఒడిశాల చిలికా సరస్సు?"

"అది సరస్సే గదా. సరస్సుకైతే సింగూరు లేదా?"

అత్త లక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని జొన్నలు చెరుగుతూ ఇదంతా వింటోంది. "రామేశ్వరం పోరాదున్రి? పుణ్యం పురుషార్థం రెండు దక్కుతయి," అంది. ఆ మాట కూడా కొట్టిపారేయలేక శిల్ప ఫోన్‌లో రామేశ్వరం చూసింది. పక్కనే శ్రీలంక సరిహద్దు కనిపించింది. ఫోన్ మూసేసింది.

ఆ చలికాలమంతా ఆమె పరిస్థితి అదే. ఒక పూట ఒకటి ఖాయం చేసుకునేది, రెండో పూటకు దాన్ని తనే చెడగొట్టుకునేది. తూర్పున నీళ్లు లోతు తక్కువ, మెత్తటి అడుగు, కానీ గాలి తిరిగితే దాగే చోట్లు తక్కువ. పడమట దాగే చోట్లు ఉన్నాయి, కానీ రాళ్లు, ఘాట్లు. తూర్పున తుపాన్లు పోయాక వెళ్లాలి, ఎండలు ముదరకముందే రావాలి. మధ్యలో ఉన్న ఆ సన్నటి సందులోనే షెడ్డుకు పనులు ఎక్కువ. టార్పాలిన్ కుడుతుంటే అంచు తప్పి కుట్టు పక్కకు పోయేది. చిరాగ్‌పల్లి దాబా దగ్గర ఆగే లారీ డ్రైవర్లు తలా ఒక రేవు పేరు చెప్పి ఆమె గందరగోళాన్ని ఇంకా పెంచేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఉపగ్రహం తీసిన బొమ్మల్లో తీరం వెంబడి వేలితో జరుపుకుంటూ పోతుంటే, కాకినాడ దగ్గర ఆమె వేలు ఆగింది. గోదావరి మొగ దగ్గర నుంచి ఒక సన్నటి ఇసుక దిబ్బ ఉత్తరానికి సాగి, ఊరి ముందున్న సముద్రాన్ని చేయి చాపి పొదివి పట్టుకున్నట్టు ఉంది. హోప్ ఐలాండ్ అని రాసుంది. ఆ ఇసుక చేతికి లోపలి వైపు నీళ్లు లేత రంగులో, బయటి వైపు ముదురు రంగులో ఉన్నాయి. లోపల తిరగొచ్చు. ధైర్యం వస్తే చివరిదాకా పోయి బయటికి చూడొచ్చు. లోపల సరస్సూ కాదు, పూర్తిగా సముద్రమూ కాదు.

"ఇదే," అంది సుదర్శన్‌తో.

"పక్కా?"

"తెల్వది. గాని ఇదే."

ఫిబ్రవరిలో బయల్దేరారు. లక్ష్మమ్మ ముందే సంచి సర్దుకుని బండి ఎక్కి కూర్చుంది. మీరెందుకు అత్తమ్మా అంటే, "మీరిద్దరు మునిగితే నేనొక్కదాన్ని ఇంట్ల కూసుండి ఏం జెయ్యాలె?" అంది.  దారి పొడవునా టోల్‌గేట్ల దగ్గర కుర్రాళ్లు వెనక రాసి ఉన్న 'సౌండ్ హారన్' చదివి హారన్ కొట్టారు.

కాకినాడ ఏటిమొగలో నూకరాజు అనే జాలరి పడవ దింపడానికి సాయం చేశాడు. ఎక్కడ అడగాలో, ఎవరికి చెప్పాలో ఆయనే తీసుకెళ్లి చెప్పించాడు. పెద్ద ఓడలొచ్చే కాలువ వైపు పోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ఏ ఊరండీ మీది?"

"జహీరాబాద్."

"అక్కడ సముద్రం ఉందాండీ?"

"లేదు."

"మరి పడవేంటండీ?"

శిల్ప సుదర్శన్ వైపు చూసింది. సుదర్శన్ పడవ వైపు చూశాడు.

పొద్దున గాలి మెల్లగా ఉంది. తెరచాప నిండింది. నారింజ మడ అడవుల పక్కగా దక్షిణానికి సాగింది. లైఫ్ జాకెట్ వేసుకుని మధ్యలో కూర్చున్న లక్ష్మమ్మ రెండు చేతులతో అంచు పట్టుకుని, "అగో కొంగలు! అగో!" అంటూ అన్నిటినీ చూపిస్తోంది. శిల్ప చేతిలో చుక్కాని పాత స్నేహితురాలి చేయిలా ఒదిగింది. ఇన్ని నెలల తికమక అంతా ఎందుకు పడ్డానా అనుకుంది.

అనుకున్న కాసేపటికే పడవ ఆగిపోయింది.

గాలి ఉంది, తెరచాప నిండుగా ఉంది, పడవ మాత్రం కదలదు. శిల్ప పలక పైకి లాగింది. ఒక బారెడు జరిగి మళ్లీ ఆగింది. కిందికి చూస్తే బురద. చుట్టూ చూస్తే నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి. పొద్దున ఫోన్‌లో చూసిన పోటు వేళలు ఆమె బాగానే చదివింది. ఇప్పుడు మళ్లీ తీసి చూస్తే అవి విశాఖపట్నానివి. కాకినాడకూ అవే సరిపోతాయా, కాస్త అటూ ఇటూ అవుతాయా, అయితే ఎటు అవుతాయి, ఏమీ అర్థం కాలేదు. ఒకే మడ చెట్టు నాలుగు దిక్కులా ఉన్నట్టుంది. వచ్చిన దారి ఏదో కూడా అనుమానమొచ్చింది.

"సముద్రం ఏడవోయింది బిడ్డా?" అంది లక్ష్మమ్మ.

"పోయింది అత్తమ్మా. మళ్లొస్తది."

"ఎప్పుడు?"

"వస్తది."

లక్ష్మమ్మ సంచి విప్పి జొన్నరొట్టెలు, పల్లీల పొడి తీసింది. పక్కకు ఒరిగిన పడవలో ముగ్గురూ కాళ్లు తన్నిపెట్టి కూర్చుని తిన్నారు. బురదలో ఎర్రటి చిన్న పీతలు బయటికొచ్చి వాళ్లను చూశాయి. శిల్పకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెంటిలో ఏది ముందు బయటపడుతుందో తెలియక రొట్టె నములుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం దాటాక నూకరాజు పడవ దూరాన లోతు నీళ్లలో ఆగింది. అక్కడి నుంచే కేకేశాడు.

"ఇయ్యాల అష్టమి కదండీ! పోటు సరిగా రాదు! దిగి తొయ్యండి!"

దిగారు. మోకాళ్ల దాకా బురద. సుదర్శన్ ముందు నుంచి తాడుతో లాగాడు, శిల్ప వెనక తామరపూల మీద భుజం ఆనించి తోసింది. పైన కూర్చున్న లక్ష్మమ్మ, "దమ్ముతోని! ఇంక జర!" అని ఊపు ఇచ్చింది. పడవ బురద మీద జారి, చివరికి నీళ్లు అందుకుని ఊగింది. ఒంటి నిండా బురదతో లోపలికి ఎక్కిన సుదర్శన్, "లారీలైతే ఇట్ల దిగబడితే క్రేనొస్తది," అన్నాడు. అప్పుడు బయటపడింది శిల్ప నవ్వు.

మర్నాడు లక్ష్మమ్మను ఒడ్డున నూకరాజు ఇంట్లో కూర్చోబెట్టి, ఇద్దరే ఉత్తరంగా ఇసుక దిబ్బ చివరికి వెళ్లారు. దిబ్బ సన్నబడి సన్నబడి నీళ్లలో కలిసిపోతోంది. అక్కడికి చేరగానే పడవ నడక మారింది. అప్పటిదాకా చిన్న చిన్నగా తట్టిన అలలు పోయి, కింద నుంచి ఏదో నెమ్మదిగా లేపి, నెమ్మదిగా దింపుతోంది. నిద్రలో ఊపిరి పీల్చే పెద్ద జంతువు మీద కూర్చున్నట్టుంది. తూర్పున ఇక ఏమీ లేదు. ఆకాశం, నీళ్లు.

"పోదామా?" అన్నాడు సుదర్శన్.

ఆయన ముఖంలో భయం లేదు. ఈత పూర్తిగా రాని మనిషి. ఆమె అన్నది కాబట్టి పడవ కట్టాడు, ఆమె పోదామంటే పోతాడు. అదే ఆమెను ఇంకా ఇరకాటంలో పెట్టింది. గాలి బాగానే ఉంది. పగలు బోలెడంత ఉంది. పోకపోవడానికి కారణం లేదు. పోవడానికీ కారణం లేదు. చుక్కాని పట్టుకున్న చేయి తనదేనా అన్నట్టు చూసుకుంది. ఆ చేయి పడవను మెల్లగా వెనక్కి తిప్పింది.

సుదర్శన్ తెరచాప తాడు అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

ఒడ్డుకొచ్చాక ఇంద్రసేనకు ఫోన్ చేసింది. "సర్, నాకు భయమైందా, లేకపోతే నేను తెలివిగా జేసిన్నా? నాకే సమజైతలేదు."

"గాలి ఎటుకెళ్లి ఉండె?" అని అడిగాడు ఆయన.

ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు. ఎన్నేళ్లయినా గాలి దిక్కు మరవని మనిషి ఆమె.

"గాలే యాదికి లేకుంటే మలిపింది మంచిదే అయ్యుంటది," అన్నాడు ఆయన. "కాకపోయి గూడ ఉండొచ్చు," అని కూడా అన్నాడు.

జహీరాబాద్‌కు తిరిగొచ్చాక జనం అడిగారు, సముద్రంలో తిరిగారా అని. "తిరిగినం, బురదల కూసున్నం, పీతలు జూసినం," అని లక్ష్మమ్మ గర్వంగా చెప్పింది. సుదర్శన్, "అంచుదాక పోయినం," అన్నాడు. శిల్ప ఒకరికి అవునంది, ఒకరికి కాదంది. ఏ రోజు ఏం చెప్పిందో ఆమెకే గుర్తుండేది కాదు. మరో వైపు సుదర్శన్ ట్రాలీకి బ్రేకులు బిగిస్తున్నాడు. ఘాట్ దిగడానికేమో అనుకుంది ఆమె.

మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ కాకినాడకే వెళ్లారు. బ్రేకులున్నాయి కదా, పడమటికి పోదామని సుదర్శన్ ఒక మాట అని చూశాడు. "తెల్సిన తికమకనే నయం," అంది శిల్ప. ఈసారి పంచాంగం చూసి అష్టమి దాటించుకుని వెళ్లారు. లక్ష్మమ్మ ఒడ్డున కూర్చోనంది. నూకరాజు తన పడవలో ముందు వెళ్తానన్నాడు.

దిబ్బ చివరికొచ్చాక పడవ కింద మళ్లీ అదే ఊపిరి. ఈసారి శిల్ప గాలిని గట్టిగా గుర్తుపెట్టుకుంది. ఆగ్నేయం. చుక్కాని కదపకుండా పట్టుకుని, లోపలి నీళ్లకూ బయటి నీళ్లకూ మధ్య గీత కోసం చూస్తోంది. ఫోన్ బొమ్మలో లేత రంగు, ముదురు రంగు అంత స్పష్టంగా ఉన్నాయి కదా. ఇక్కడ చూస్తే అంతా ఒకే రంగు. ఇదా? ఇంకొంచెం ముందా? అది దాటేటప్పుడు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకోవాలని కాచుకుని ఉంది.

"దాటినమా?" అన్నాడు సుదర్శన్.

"తెల్వది."

నూకరాజు తన పడవలో లేచి నిలబడి, రెండు చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "ఎప్పుడో దాటేశారండీ!"

శిల్ప వెనక్కి తిరిగి చూసింది. దిబ్బ నిజంగానే వెనకాల, అనుకున్నదానికన్నా చాలా దూరంలో, పలచటి గీతగా ఉంది.  తనకు కలిగింది భయమో సంతోషమో తేల్చుకునే లోపు, మధ్యలో కూర్చున్న లక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కోడలి మోకాలి మీద తట్టింది.

"బిడ్డా, సముద్రం మంచిగున్నది. కడుపుల దేవుతున్నది. పడవ మలుపు."

శిల్ప గాలి చూసుకుని, నిదానంగా మలిపింది.